రాత్రికి తెలిసే దెబ్బలు: ఇంట్లో వెల్డింగ్ మొదలుపెట్టే ముందు కొనాల్సిన సామాను

రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చింది. కళ్ళలో ఎవరో గుప్పెడు ఇసుక పోసి రెప్పల మీద నుంచి రుద్దుతున్నట్టు ఉంది. తెరిస్తే మంట, మూస్తే గరగర. లైటు వేస్తే తట్టుకోలేక మళ్ళీ ఆపేశాను. ఆ మధ్యాహ్నం నేను చేసిందల్లా ఒక ఇనుప స్టాండుకు ఆరో ఏడో టాకులు, అంటే ముక్కలు కదలకుండా వేసే చిన్న చుక్కల వెల్డింగ్, వేయడం. ముఖం కప్పే నల్లద్దపు వెల్డింగ్ హెల్మెట్ పక్కనే ఉంది. టాకే కదా, కళ్ళు మూసుకుంటే పోతుందిలే అనుకున్నాను. పనిలో ఉన్నంతసేపూ ఏమీ కాలేదు. సాయంత్రం టీవీ చూశాను, భోజనం చేశాను, హాయిగా పడుకున్నాను. దెబ్బ తగిలిన పది గంటలకు నొప్పి మొదలైంది.

దీన్ని వెల్డర్లు ఆర్క్ కొట్టింది అంటారు. ఆర్క్ అంటే వెల్డింగ్ రాడ్ కొసకూ ఇనుముకూ మధ్య వెలిగే కరెంటు మెరుపు. ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను కాల్చేస్తాయి. ఎండకు చర్మం కమిలినట్టే ఇక్కడ కన్ను కములుతుంది. సాధారణంగా 6 నుంచి 12 గంటల తర్వాత బయటపడి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కళ్ళు మూసుకున్నాను కదా అంటే, ఆర్క్ ఆగకముందే రెప్ప తెరుచుకోవడానికి క్షణం చాలు. పైగా మూసిన రెప్ప మీద చర్మం కూడా కాలుతుంది.

ఈ పని నేర్చుకుందామనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఏ మెషిన్ కొనాలని. అక్కడికి తర్వాత వస్తాను. ముందు ఒక మాట. సుత్తి వేలి మీద పడితే అప్పుడే తెలుస్తుంది, రెండోసారి జాగ్రత్త పడతాం. వెల్డింగ్‌లో చాలా దెబ్బలు అలా తెలియవు. కంటికి తగిలింది అర్ధరాత్రి తెలుస్తుంది, పొగ రాత్రికి జ్వరమై వస్తుంది, నిప్పురవ్వ మనం షెడ్డుకు తాళం వేసి వెళ్ళాక అంటుకుంటుంది. పని చేస్తుంటే ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదు అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఏది ముందు కొనాలి, దేనికి ఎక్కువ ఖర్చు పెట్టాలి అన్నది నేను ఈ లెక్కతోనే చూస్తాను.

అద్దం సంగతి

కాబట్టి మొదటి ఖర్చు హెల్మెట్ మీద. చేత్తో పట్టుకునే షీల్డ్ వద్దు. కొత్తలో ఒక చెయ్యి రాడ్‌ను పట్టి ఉంచే హోల్డర్‌కు, రెండో చెయ్యి ముక్కను నిలబెట్టడానికి కావాలి. మూడోది ఎవరికీ లేదు. చివరికి షీల్డే పక్కకు పోతుంది.

అద్దం నలుపును షేడ్ నంబరుతో చెబుతారు. నంబరు ఒకటి పెరిగితే లోపలికొచ్చే వెలుగు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. 10 నంబరు అద్దం గుండా వచ్చేది అసలు వెలుగులో సుమారు 7,000వ వంతు. గ్యాస్ వెల్డింగ్‌కు వాడే 5 నంబరు కళ్ళజోడు గుండా సుమారు 50వ వంతు వస్తుంది. పేరుకు రెండూ నల్లద్దాలే, తేడా మాత్రం 140 రెట్లు. నల్లగా ఉందిగా అని గ్యాస్ కళ్ళజోడుతో, ఇంకా ఘోరంగా చలువ కళ్ళజోడుతో ఆర్క్ వేసేవాళ్ళను చూస్తే నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది. రాడ్ వెల్డింగ్‌లో, అంటే పూత ఉన్న రాడ్ కరిగి అతుకుగా మారే పద్ధతిలో, 60 నుంచి 160 ఆంప్స్ వరకు 10 నంబరు సరిపోతుంది. అంతకు మించి 250 దాకా వెళ్తే 12 మంచిది. ఇంట్లో పని ఎక్కువగా 160 ఆంప్స్ లోపే తెములుతుంది.

ఇక మామూలు అద్దమా, దానంతట అదే నల్లబడేదా? మామూలు దాంతో ఆర్క్ వెలిగే దాకా ఏమీ కనబడదు. రాడ్‌ను అతుకు దగ్గర పెట్టి, మెడ విదిలించి హెల్మెట్ దించుకుని, చీకట్లో గీకాలి. ఈలోపు రాడ్ అరంగుళం జరిగిపోతుంది. కొత్తవాళ్ళు విసుగొచ్చి హెల్మెట్ ఎత్తి వేయడం మొదలుపెట్టేది ఇక్కడే. ఆటో అద్దం ఆర్క్ లేనప్పుడు 3 లేదా 4 షేడ్‌లో ఉంటుంది, ఆర్క్ వెలగగానే సెకనులో 25,000వ వంతు లాంటి వేగంతో నల్లబడుతుంది. రాడ్ ఎక్కడుందో ముందే కనిపిస్తుంది కాబట్టి హెల్మెట్ తీయాలనిపించదు. దాని అసలు గుణం సౌకర్యం కంటే అదేనని నా అభిప్రాయం.

ఒక అపోహ కూడా తీరిపోవాలి. బ్యాటరీ అయిపోయి ఆటో అద్దం నల్లబడకపోతే కళ్ళు పోతాయని భయపడతారు. మంచి అద్దంలో అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపే పొర ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, దానికి కరెంటుతో పనిలేదు. నల్లబడకపోతే కళ్ళు జిగేల్‌మంటాయి, వెంటనే ఆపేస్తాం. మంచి అద్దంలో అన్నానని గమనించండి. లోపల ఏ పొర ఉందో కంటితో చూసి చెప్పలేం. అందుకే యూరప్ వాళ్ళ ఈఎన్ 379 (ఇప్పుడు దాని స్థానంలో ఈఎన్ ఐఎస్ఓ 16321 వచ్చింది) లేదా అమెరికా వాళ్ళ జెడ్ 87.1 లాంటి భద్రతా ప్రమాణం ముద్ర లేని అద్దం ఎంత చవకైనా వద్దు. వీలైతే ఆర్క్ వెలుగును పసిగట్టే సెన్సర్లు నాలుగు ఉన్నది తీసుకోండి. రెండే ఉంటే, ఇరుకులో చెయ్యో పైపో అడ్డొచ్చి రెంటినీ కప్పేస్తుంది, మధ్యలో అద్దం తెల్లబడుతుంది. ముందు వైపు ఉండే పలుచని ప్లాస్టిక్ పలక మీద రవ్వలు పడి మచ్చలు కడతాయి. దాన్ని మారుస్తూ ఉండాలి. అతుకు సరిగా కనబడట్లేదని షేడ్ తగ్గించేవాళ్ళలో సగం మందికి నిజానికి కావలసింది ఆ కొత్త పలకే.

హెల్మెట్ లోపల ఇంకో జత తెల్ల కళ్ళజోడు, పక్కలు మూసినది, ఎప్పుడూ ఉండాలి. అతుకు చల్లారుతుండగా దాని మీద గాజులా కట్టిన చిట్టెం దానంతట అదే పగిలి చిటుక్కున ఎగురుతుంది. మనం హెల్మెట్ ఎత్తి, దగ్గరికి వంగి, ఎలా వచ్చిందా అని ముచ్చటగా చూసుకునేది సరిగ్గా అప్పుడే.

కొత్తవాళ్ళకు కంటిదెబ్బ తగిలే మరో సందర్భం రాడ్ అతుక్కుపోవడం. మొదటి రోజు అందరికీ అతుక్కుంటుంది. రాడ్ ముక్కకు అంటుకుపోయి, ఎర్రబడుతూ, మెషిన్ గుర్రుమంటుంటే టెన్షన్‌లో హెల్మెట్ పైకి లేపి, రెండు చేతులతో ఊడబెరుకుతాం. ఊడే క్షణంలో భగ్గున ఆర్క్ వెలుగుతుంది, ముఖం ఎదురుగా, అద్దం లేకుండా. మణికట్టు ఒకసారి పక్కకు తిప్పి లాగండి. రాకపోతే హోల్డర్ నొక్కి రాడ్‌ను వదిలేయండి. హెల్మెట్ మాత్రం కిందనే ఉండాలి.

ఆర్క్ వెలుగు మన ఒక్కరికే తగలదని కూడా గుర్తుంచుకోవాలి. సున్నం వేసిన గోడ మీద పడి తిరిగొస్తుంది, హెల్మెట్ వెనక నుంచి లోపలికి దూరుతుంది. చూడ్డానికి వచ్చిన పిల్లలకూ తగులుతుంది. పనిచేసే చోటుకూ దారికీ మధ్య వెల్డింగ్ తెర ఒకటి కట్టండి, లేదా రేకు ఒకటి అడ్డం పెట్టండి. ఇంత చేసినా ఎప్పుడైనా ఆర్క్ కొడితే చీకటి గదిలో ఉండి కంటి డాక్టరుకు చూపించుకోవాలి. నొప్పి తెలియకుండా చేసే చుక్కల మందు ఎవరో ఇచ్చారని ఇంట్లో పదేపదే వేసుకోవద్దు, పుండు మానడం ఆలస్యమవుతుంది.

ఒంటి మీద బట్టలు

బట్టల విషయంలో ఖర్చు తక్కువ, పట్టుదల ఎక్కువ కావాలి. పాలియెస్టర్, నైలాన్ బట్ట మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది, కాలిన చోటు నుంచి ఊడిరాదు. దట్టమైన నూలు చొక్కా, జీన్స్ చాలు. చొక్కా పొడుగు చేతులది, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నది అయి ఉండాలి. పై బొత్తాం వదిలేసి గంటసేపు పనిచేస్తే గొంతు కింద వి ఆకారంలో ఎర్రగా కమిలిపోతుంది. అదీ సాయంత్రానికే తెలుస్తుంది. ప్యాంటు అంచులు పైకి మడవకండి, మూత లేని జేబులు ఉంచకండి. రవ్వలు పడి నిలిచేది వాటిలోనే. జేబులో లైటర్ ఉంటే తీసి దూరంగా పెట్టండి.

కాళ్ళకు తోలు బూట్లు, ప్యాంటు వాటి మీదికి దిగాలి. చెప్పులతో పని వద్దు. వేళ్ళ మధ్య పడ్డ రవ్వను విదిలించడానికి గెంతితే చేతిలో ఉన్న హోల్డర్ ఎటు పోతుందో తెలియదు.

గ్లౌజులు ముంజేతి సగం దాకా వచ్చే తోలువి కావాలి. ఇవి వేడి నుంచి, రవ్వల నుంచి కాపాడతాయి. కాలిన ఇనుమును పట్టుకోవడానికి చేసినవి మాత్రం కావు. ఎర్రటి ముక్కను ఒక్కసారి పట్టుకున్నా తోలు ముడుచుకుని చెక్కలా గట్టిపడుతుంది, తర్వాత ఆ వేలు వంగదు. అందుకు పట్టుకారు ఉంది.

పొగ

జీఐ పైపు మీద ఉన్న తెల్లటి పూత జింకు. జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. ఉక్కు కరగాలంటే 1,500 డిగ్రీలకు అటూ ఇటూ వెళ్ళాలి. అంటే ఇనుము కరిగేలోపే పూత మొత్తం ఆవిరై, గాలిలో కాలి, తెల్లటి దూదిలాంటి పొగగా లేస్తుంది. దాన్ని పీల్చిన నాలుగు నుంచి పది గంటలకు నోరు చేదుగా, ఇనుము నాకినట్టు అవుతుంది. చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. ఫ్లూ అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. వెల్డింగ్ వల్లనని చాలామందికి తట్టదు. రోజూ పీల్చేవాళ్ళకు ఒళ్ళు కొంత అలవాటుపడుతుంది, సెలవు రోజుల్లో ఆ అలవాటు పోతుంది, సోమవారం మళ్ళీ జ్వరం. అందుకే దీనికి సోమవారం జ్వరమనే పేరు కూడా ఉంది. వారానికి ఒకసారి ఇంట్లో పనిచేసే మనకు ఆ కాస్త అలవాటు కూడా ఉండదు, ప్రతిసారీ సోమవారమే. పాలు తాగితే పోతుందనే నమ్మకం ఒకటి వెల్డర్లలో గట్టిగా ఉంది. పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ కలుసుకోవు.

కొత్తలో జీఐ పైపు జోలికి పోకపోవడమే మేలు. తప్పకపోతే అతుకుకు రెండు పక్కలా రెండంగుళాల మేర పూతను గ్రైండ్ చేసి తీసేయండి, ఆ పని కూడా మాస్కుతోనే. పాత పెయింటు కూడా అంతే, అందులో సీసం ఉండొచ్చు. పసుపు ఛాయలో మెరిసే పూత ఉన్న పాత బోల్టులను అసలు వెల్డ్ చేయొద్దు. అది కాడ్మియం అయితే దాని పొగ ప్రాణం తీస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ పొగలో క్యాన్సర్ తెచ్చే రకం క్రోమియం ఉంటుంది. మామూలు ఇనుమే కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగ మొత్తాన్నీ మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది.

మాస్కు కంటే ముందు తల ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. పొగ నిట్టనిలువుగా లేస్తుంది. అతుకు మీదికి వంగితే పొగ నేరుగా హెల్మెట్ లోపలికే వస్తుంది. కొంచెం పక్కకు జరిగి, వాలుగా చూడటం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. తలుపులు తీసి, పక్క నుంచి గాలి వెళ్ళేలా ఫ్యాన్ పెట్టండి. రాడ్ వెల్డింగ్ కొంత గాలికి తట్టుకుంటుంది. రాడ్‌కు బదులు చుట్ట నుంచి వచ్చే వైరుతో, చుట్టూ గ్యాస్ వదులుతూ చేసే మిగ్ వెల్డింగ్‌లో మాత్రం గాలి తగిలితే గ్యాస్ కవచం చెదిరి, అతుకు నిండా బెజ్జాలు పడతాయి. ముఖానికి రుమాలు కట్టుకుంటే ఈ పొగకు అడ్డే కాదు, ఆ రేణువులు అంత సన్నవి. కనీసం ఎన్ 95. అలవాటుగా చేసేవాళ్ళకు హెల్మెట్ కింద ఇమిడే రబ్బరు మాస్కు, దానికి పి 100 ఫిల్టర్లు సరైనవి. గడ్డం ఉంటే అంచుల్లోంచి పొగ దూరుతుంది, ఏ మాస్కైనా సగమే పనిచేస్తుంది.

దీనికంటే నిశ్శబ్దంగా వచ్చేది ఇంకోటి ఉంది. ఇనుము మీద నూనె, గ్రీజు తుడవడానికి డబ్బాల్లో దొరికే బ్రేక్ క్లీనర్లలో కొన్నింట్లో క్లోరిన్ ఉండే సాల్వెంట్లు ఉంటాయి. వాటి తడి మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ పుట్టొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుగా ప్రయోగించింది దాన్నే. పీల్చినప్పుడు చిన్న దగ్గు మాత్రమే రావచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు మొదలవుతుంది. డబ్బా మీద పేర్లలో క్లోరో, క్లోరైడ్ లాంటి మాట కనిపిస్తే వెల్డింగ్ చేసే ముక్కకు దాన్ని తగలనివ్వకండి. అసిటోన్ వాడి, పూర్తిగా ఆరనిచ్చి, సీసాను గది బయట పెట్టి రండి. అది కూడా అంటుకునేదే మరి.

వెంటనే తెలిసేది ఒకటుంది: గ్రైండర్

వెల్డింగ్ నేర్చుకుందామని వచ్చినవాళ్ళు నిజానికి ఎక్కువసేపు చేసేది గ్రైండింగ్, అంటే చేతి గ్రైండర్‌కు బిగించిన డిస్క్ తిరుగుతుంటే దాంతో ఇనుమును కోయడం, రుద్దడం. ముక్క కోయడం, తుప్పు తీయడం, అంచు వాల్చడం, అతుకు చదును చేయడం, బాగా రాని అతుకును మొత్తంగా తీసేయడం, అన్నీ దాంతోనే. ఇది ఆలస్యంగా తెలిసే రకం కాదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుందనుకుందాం. 100 మిల్లీమీటర్ల డిస్క్ అంచు సెకనుకు సుమారు 58 మీటర్లు, గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంటుంది. కటింగ్ డిస్క్ మందం ఒక మిల్లీమీటరు. జిగురుతో అతికించిన ఆ పలుచటి పలక పగిలితే ముక్కలు ఆ వేగంతోనే వస్తాయి. డిస్క్‌ను కప్పే గార్డు తీసేస్తే మూలల్లోకి బాగా వెళ్తుందని ఎవరైనా చెబితే, డిస్క్ అంచుకూ వాళ్ళ గొంతుకూ మధ్య ఏముందో చూసి నిర్ణయించుకోండి.

డిస్క్ కొన్నప్పుడు దాని మీది అక్షరాలు చదవండి. డిస్క్ మీది గరిష్ఠ వేగం గ్రైండర్ వేగం కంటే ఎక్కువ ఉండాలి. మధ్యలోని ఇనుప రింగు మీద గడువు అచ్చువేసి ఉంటుంది. డిస్క్‌ను పట్టి ఉంచే జిగురు తేమకు, కాలానికి బలహీనపడుతుంది. కింద పడ్డ డిస్క్‌ను బాగానే ఉందిలే అని బిగించకండి, కంటికి కనబడని చీలిక ఉండొచ్చు. కొత్తది బిగించాక ఎవరూ దాని వరుసలో లేకుండా అర నిమిషం ఖాళీగా తిప్పి చూడండి. కటింగ్ డిస్క్‌తో పక్కవాటుగా రుద్దొద్దు, రుద్దడానికి మందపు డిస్క్ వేరే ఉంది. కోసే ముక్కను బిగించినప్పుడు కోత తెరుచుకునేలా చూసుకోండి. రెండు వైపులా ఆనించి మధ్యలో కోస్తే ముక్క కిందికి వంగి డిస్క్‌ను పట్టేస్తుంది, గ్రైండర్ చేతుల్లోంచి ఎగురుతుంది.

కళ్ళజోడు మీద ముఖమంతా కప్పే పారదర్శక షీల్డ్ కూడా పెట్టుకోవాలి. ఆటో హెల్మెట్లు చాలావాటికి గ్రైండింగ్ మోడ్ ఉంటుంది, అది కూడా పనికొస్తుంది. చెవుల సంగతి మర్చిపోతాం. గ్రైండర్ మోత దాదాపు 100 డెసిబెల్స్. ఆ మోతలో రోజుకు పావుగంట దాటితే వినికిడికి ముప్పని అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ హద్దు పెట్టింది. వినికిడి పోవడం మళ్ళీ ఆలస్యంగా తెలిసే వరుసలోకే వస్తుంది. చెవిలో పెట్టుకునే స్పంజి బిరడాలు చాలు. వెల్డింగ్‌లో చెవిలోకి రవ్వ పడకుండా కూడా అడ్డుకుంటాయి.

ఇప్పుడు మెషిన్

మొదటి మెషిన్‌గా రాడ్ వెల్డింగ్‌కు వాడే ఇన్వర్టర్ కొనమంటాను. ఇది ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే వెల్డింగ్ మెషిన్, కరెంటు పోతే ఇంట్లో వాడే ఇన్వర్టర్ కాదు. మిగ్ త్వరగా వస్తుంది, పలుచటి రేకుకు అదే మేలు. కానీ సిలిండర్, రెగ్యులేటర్, వైరు చుట్ట అంటూ సామాను పెరుగుతుంది. కరగని టంగ్‌స్టన్ కొనతో చేసే టిగ్ అందంగా ఉంటుంది, ఓపిక అడుగుతుంది. రాడ్‌తో కష్టపడి నేర్చుకున్న చేతికి మిగతావి తేలికే. రెండు మిల్లీమీటర్ల లోపు రేకు మాత్రం రాడ్‌తో మొదలుపెట్టకండి, బెజ్జాలు పడి మనసు విరిగిపోతుంది.

మెషిన్ మీద పెద్ద అక్షరాల్లో 250 అని ఉంటుంది. అది చూడొద్దు, వెనక ఉన్న చిన్న పలక చూడండి. అక్కడ డ్యూటీ సైకిల్ రాసి ఉంటుంది. 120 ఆంప్స్ దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వేయొచ్చు, నాలుగు నిమిషాలు దానికి విశ్రాంతి ఇవ్వాలి. దీని గురించి చర్చలు చాలా జరుగుతాయి గానీ కొత్తవాళ్ళకు అంత ముఖ్యం కాదు. 2.5 మిల్లీమీటర్ల రాడ్ ఒకటి సుమారు నిమిషంలో అయిపోతుంది. చిట్టెం కొట్టి, బ్రష్ చేసి, బాధపడి, మరో రాడ్ పెట్టేలోగా మెషిన్ చల్లబడే ఉంటుంది.

అసలు ఇబ్బంది కరెంటు లాగే దగ్గర వస్తుంది. 90 ఆంప్స్ వెల్డింగ్‌కు ఆర్క్ దగ్గర వోల్టేజీ దాదాపు 24, అంటే రెండు కిలోవాట్ల పైనే. మెషిన్ తినేది కలుపుకుంటే గోడ ప్లగ్గు నుంచి 12 నుంచి 16 ఆంప్స్ దాకా లాగొచ్చు. చిన్న సాకెట్ పనికిరాదు, దీనికి పెద్ద పవర్ సాకెట్, సరైన మందం వైరు, ఎంసీబీ కావాలి. ఎక్స్‌టెన్షన్ వాడితే మందపుది వాడండి, చుట్ట మొత్తం విప్పి పరచండి. చుట్టగానే ఉంచి గంట వాడితే మధ్యలో వేడికి తొడుగు కరుగుతుంది. ఆర్క్ నిలవట్లేదని రాడ్‌ను తిట్టేవాళ్ళు ఒకసారి తమ వైరు పొడవు, మందం చూసుకోవాలి. ఇంకో సంగతి, ఇన్వర్టర్ ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది. గ్రైండింగ్ రవ్వలు అటు పడేలా పెడితే ఇనుప పొడి బోర్డు మీద చేరి ఒకరోజు టప్‌మంటుంది. నా మొదటి మెషిన్ అలాగే పోయింది. తయారీదారు తప్పేమీ లేదు, తప్పు నేను దాన్ని పెట్టిన చోటుది.

ఎర్త్ అనే మాట దగ్గర చాలా గందరగోళం ఉంది, దాన్ని విప్పాలి. మెషిన్ నుంచి ముక్కకు బిగించే క్లాంపును అందరం ఎర్త్ అంటాం. అది కరెంటు తిరిగి వెళ్ళే దారి, వెల్డింగ్ ఆంప్స్ మొత్తం దాని గుండానే పోతాయి. మెషిన్ డబ్బాకు షాక్ రాకుండా చూసే అసలు ఎర్త్ ప్లగ్గు మూడో పిన్నులో ఉంటుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడం ప్రమాదం. రెండు పిన్నుల ప్లగ్గు పెట్టి, క్లాంపు ఉందిగా అనుకుంటే, లోపల వైరు తొడుగు పోయిన రోజున డబ్బా ముట్టుకున్న చెయ్యే ఎర్త్ అవుతుంది. క్లాంపును తుప్పు, పెయింటు గీకి, వీలైనంత అతుకు దగ్గర బిగించండి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండానో మరో దారినో పోయి వాటిని కాలుస్తుంది. బండి మీద వెల్డింగ్ చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పేయాలి.

ఆర్క్ లేనప్పుడు హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టులు నిలిచి ఉంటాయి. పొడి చేతికి ఏమీ తెలియదు. చెమటకు తడిసిన గ్లౌజుతో, తడి నేల మీద మోకాళ్ళూని రాడ్ మార్చేటప్పుడు మాత్రం ఆ వోల్టులు చంపగలవు. ఇంటి మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ కాపాడుతుందనుకోవద్దు. మెషిన్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులనూ వేరు చేస్తుంది కాబట్టి హోల్డర్ వైపు ఏం జరిగిందో దానికి తెలియదు. మార్చుకోవడానికి పొడి గ్లౌజులు ఇంకో జత, కాళ్ళ కింద ఎండిన చెక్క లేదా రబ్బరు చాప ఉంచుకోండి. ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా మెషిన్ దగ్గరికి వెళ్ళొద్దు.

రాడ్లలో 6013తో మొదలుపెట్టండి. 60 అంటే అతుకు చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడు తట్టుకుంటుందని, 1 అంటే అన్ని భంగిమల్లో వేయొచ్చని, చివరి అంకె పైపూత రకం చెబుతుంది. 7018 గట్టిది, కానీ తేమ తగిలితే పాడవుతుంది, దానికి వేడి పెట్టె కావాలి, ఇప్పుడే వద్దు. పనివాళ్ళు 12 గేజ్ అనేది 2.5 మిల్లీమీటర్ల రాడ్‌ను, 10 గేజ్ అనేది 3.15 దాన్ని. మొదటిదానికి 70 నుంచి 90 ఆంప్స్, రెండోదానికి 100 నుంచి 130 పెట్టి చూడండి. ఐదారు మిల్లీమీటర్ల మందం ఉన్న పాత పట్టీ ముక్కల మీద ఒక పెట్టె రాడ్లు అవగొట్టాక అసలు పని మొదలుపెట్టండి.

చిన్న సామాను

చిట్టెం కొట్టే సుత్తి, వైర్ బ్రష్, మూలమట్టం, టేపు, సుద్దముక్క, సెంటర్ పంచ్, ఆకురాయి, పట్టుకారు. వీటిలో దేనికీ పెద్దగా ఆలోచించక్కర్లేదు. క్లాంపులకు మాత్రం ఆలోచించాలి, ఎన్ని ఉన్నా ఇంకోటి తక్కువే పడుతుంది. అతుకు చల్లారుతూ ముడుచుకుని ముక్కను తన వైపు లాగేస్తుంది. తొంభై డిగ్రీలకు పెట్టిన ఫ్రేము వెల్డింగ్ అయ్యాక ఎనభై ఎనిమిదికి వస్తే అది మూలమట్టం తప్పు కాదు. నాలుగు మూలలా బిగించి, చిన్న టాకులు వేసి, కొలిచి, తర్వాత ఒక మూల నుంచి ఎదురు మూలకు మారుతూ వేయాలి. త్రికోణపు అయస్కాంతాలు ముక్కలను నిలబెట్టడానికి బాగుంటాయి, టాకులు వేశాక తీసేయండి. పక్కనే ఉంచితే డీసీ ఆర్క్ వాటి వల్ల పక్కకు కొట్టుకుపోతుంది.

పనికి ఇనుప బల్ల కావాలి. కాంక్రీటు నేల మీద పెట్టి వెల్డ్ చేస్తే లోపలి తేమ ఆవిరై పెచ్చులు టపటపా ఎగురుతాయి.

తాళం వేసే ముందు

రవ్వలు మనం అనుకున్నదానికంటే చాలా దూరం దొర్లుతాయి. వెల్డింగ్ చేసే చోటుకు చుట్టూ 35 అడుగుల మేర కాలే వస్తువు ఉండకూడదని పరిశ్రమల్లో పాటించే నియమం. ఇంట్లో అంత చోటు ఉండదు. తీయగలిగినవి తీసేయండి, తీయలేనివి రేకుతో గానీ వెల్డింగ్ దుప్పటితో గానీ కప్పండి. రంపపు పొట్టు, గుడ్డపేలికలు, థిన్నర్ డబ్బాలు బయటికి పోవాలి. ఏబీసీ రకం మంటలార్పే సిలిండరు తలుపు పక్కన ఉండాలి. మంట వచ్చినప్పుడు మనం పరిగెత్తేది అటే కాబట్టి.

ఖాళీ పెట్రోలు ట్యాంకు, నూనె డ్రమ్ము లాంటివి ఎవరు బతిమాలినా వెల్డ్ చేయొద్దు. ఖాళీ డ్రమ్ములో ఆవిరి ఉంటుంది, నిండు డ్రమ్ము కంటే అదే ప్రమాదం. నీళ్ళతో కడిగామన్నా ఒప్పుకోకండి. రెండు చివరలూ మూసిన పైపును వెల్డ్ చేయాల్సి వస్తే లోపలి గాలి బయటపడటానికి ముందు ఒక బెజ్జం వేయండి.

పని అయ్యాక మెయిన్ ఆపి, అరగంట నుంచి గంట దాకా అక్కడే ఉండాలి. ఊరికే కూర్చోవడం కష్టం కాబట్టి నేను ఆ సమయంలో సర్దుతాను. వైర్లు చుట్టి, కాలిన రాడ్ల చివరి ముక్కలన్నీ డబ్బాలోకి ఏరుతాను. బల్ల వెనక, మూలల్లో, తలుపు సందుల్లో చెయ్యి దగ్గరగా పెట్టి వేడి ఉందేమో, వాసన వస్తోందేమో చూస్తాను. ఉక్కు ఎరుపు తగ్గగానే చల్లారినట్టు కనబడుతుంది. కానీ 400 డిగ్రీల దగ్గర ఉన్న ముక్కా పొద్దుటి ముక్కా పగటి వెలుగులో ఒకేలా నల్లగా ఉంటాయి. అందుకే బల్ల మీద వదిలే ప్రతి ముక్క పక్కన సుద్దముక్కతో పెద్దగా ‘వేడి’ అని రాసి, అప్పుడు తాళం వేస్తాను.